తలుపు మీద చీటీలు

ఉలాన్‌బాతర్‌లో రాత్రి ఏడైతే చాలు
చలి సున్నాకి ముప్పై మెట్లు దిగి కూర్చుంటుంది.
ట్రాలీబస్సు నడిపే దుల్మా
రెండు జతల మేజోళ్లు తొడుక్కుంటూ
తొమ్మిదేళ్ల ఇదెర్‌కి అప్పగింతలు పెడుతుంది.
నోటితో చెప్పినవి వాడు వినడని
చీటీలు రాసి మైక్రోవేవ్ తలుపుకి అంటిస్తుంది.
ఏడాదిలో లోపలి దీపం కనపడటం మానేసింది.

"పింగాణీ గిన్నే తీసుకో. ఐస్‌క్రీమ్ డబ్బా వద్దు,
పోయినసారి అది ముసలి గుర్రంలా
మోకాళ్ల మీద కూలబడింది, గుర్తుందిగా."

"మూత పెట్టు, బిగించకు.
ఆవిరి కూడా ప్రయాణికుడే,
దిగే దారి లేకపోతే అద్దం పగలగొడుతుంది.
తీసేటప్పుడు మూత అవతలి వైపు ఎత్తు,
నీ ముఖం వైపు కాదు."

"గుడ్డు పెంకుతో పెట్టకు.
ఎందుకో నన్నడక్కు. నాలుగో అంతస్తు సరంతుయాని అడుగు.
పైకప్పు మీది పచ్చసొన ఆవిడ ఇంకా గోకుతోంది."

"ఉత్త నీళ్లు కాచకు.
తప్పదంటే అందులో చెక్క చెంచా వేసి ఉంచు.
బుడగ లేదు, చప్పుడు లేదు అని కప్పు కదిపేవు,
అవి కోపం దిగమింగిన మనిషిలాంటివి,
ముట్టుకుంటే మీదికొస్తాయి."

వెండి గురించి ఏ చీటీలోనూ లేదు.
అది రాయాలని ఎవరికి తోస్తుంది?
తాత వెండి గిన్నె అద్దాల బీరువాలో
నీలం పట్టుగుడ్డ మీద ఉండేది కదా.

మాఘం కాదు, ఫాల్గుణం కాదు,
ఇక్కడి చలికి నెలల పేర్లు అక్కర్లేదు.
అలాంటి ఒక రాత్రి
ఇదెర్ ఉప్పు వేసిన పాలచాయ్ ఆ గిన్నెలో పోశాడు.
గిన్నె వెచ్చబడితే
తాత చేతి పొగాకు వాసన వస్తుందనుకున్నాడట.

మూడు సెకన్లు.
లోపల నీలి రవ్వలు.

ఆ రవ్వల్ని వాడు ఎరుగును.
మంచు పట్టిన తీగ మీద నుంచి
అమ్మ బస్సు కొమ్ములు జారినప్పుడు పడేవి అవే.
అప్పుడు అమ్మ అరవదు, పరుగెత్తదు,
ముందు కరెంటు ఆపుతుంది.
వాడూ తలుపు తెరవలేదు.
ప్లగ్గు పీకాడు.
గోడకి ఆనుకుని
చీకటి పెట్టెని చాలాసేపు చూస్తూ కూచున్నాడు.

దుల్మా వచ్చేసరికి రెండు దాటింది.
కనురెప్పల మీద మంచు కరిగి
చెంపల మీదికి జారుతోంది, ఏడుపు కాదు.
తలుపు మీద కొత్త చీటీ,
పెన్సిలు అక్షరాలు, రెండు తప్పులు:

"గిన్నె బల్ల మీద ఉంది. దాచలేదు.
అంచు నల్లబడింది.
నీ చూయ్‌వన్ ఫ్రిజ్‌లో పెట్టాను.
రెండు నిమిషాలు. మధ్యలో కలుపు.
వెండి వద్దు అని నువ్వు రాయి,
నా రాత నాకే నమ్మకం లేదు."

ఆమె నవ్వలేదు. ప్లగ్గు పెట్టింది.
రెండు నిమిషాల తర్వాత
అంచున నూడుల్స్ పొగలు కక్కుతున్నాయి,
నడుమ మాంసం ముక్క మాత్రం
జనవరి నేల.
కలిపింది. మళ్లీ పెట్టింది.
పళ్లెం తిరుగుతోంది, ఖాళీ బస్సు ఆఖరి చుట్టు తిరిగినట్టు.
ఈలోగా బొటనవేలితో గిన్నె అంచు రుద్దింది.
పోలేదు. మళ్లీ రుద్దింది.

పెట్టె మూడుసార్లు కూసింది.
చెయ్యి తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది.
అన్నిటికంటే పాత చీటీ అక్కడే ఉంది,
మూల చిరిగి, నూనె మరకతో, తన చేత్తో రాసిందే:
"ఆగిన వెంటనే తీయకు. ఒక్క నిమిషం.
వేడి అంచు నుంచి నడుముకి
నడిచి రావాలి, దానికి బస్సు లేదు."

నిలబడింది.
పక్కగదిలో ఇదెర్ నిద్రలో అటు తిరిగాడు.
లెక్క మర్చిపోయి
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.