అర నూలు

చాకలిపేటలో మా చెంగల్రాయుడు మామ పటాల కొట్టు.
లోపల ఇద్దరికి మించి నిలబడితే
మూడో మనిషి వీధిలో ఉన్నట్టే.
గోడ నిండా చెక్క మూలలు,
బొమ్మలు లేని ఉత్త మూలలు,
నలుపు, బంగారం, టేకు రంగు.
నచ్చినదాన్ని వేలితో చూపించాలి.

బడి వదలగానే నేనక్కడికే.
సంచిలో జామెట్రీ బాక్సు
నడిచినంతసేపూ గలగల.
ఆ రోజు పాఠం: ఏ నుంచి సి దాకా ఒక రేఖాఖండం,
మధ్యలో బి.
ఏబి, బిసి కలిపితే ఏసి.
హైమావతి టీచరు బోర్డు మీద గీసి
సుద్ద చేతులు దులుపుకుంది,
ఇందులో అర్థం కానిదేముంది అన్నట్టు.

మామకి చెప్పాను.
చెవి మీది పెన్సిలు తీయకుండానే నవ్వాడు.
"ఇదిగో ఎనిమిదడుగుల బద్ద. నాలుగు ముక్కలు చెయ్యి.
ఒక్కోటీ రెండడుగులు రావాలి కదా, చూద్దాం."
కోశాను. కొలిచాను.
మూడు సరిగ్గా ఉన్నాయి.
నాలుగోది నూలున్నర తక్కువ.

టేపు మార్చి మళ్ళీ కొలిచాను.
"కొలతలో తప్పు లేదే పిల్లా,
రంపానికి ఆకలి.
కోతకి అర నూలు తింటుంది.
మీ టీచరు బి కి పళ్ళు లేవు,
మన బి కి ఉన్నాయి."

అర్ధసంవత్సర పరీక్షలో అదే రాశాను.
ఏబి, బిసి కలిపితే ఏసి కంటే కాస్త తక్కువ.
కారణం: రంపం.
నాలుగు మార్కులకి సున్నా,
పక్కన ఎర్ర సిరాతో "రంపమా??"
అమ్మ ఆ కాగితం పట్టుకుని కొట్టు మీదికి గొడవకెళ్ళింది.
మామ దాన్ని తిప్పి తిప్పి చూసి
ఫ్రేము కట్టిస్తానన్నాడు, డబ్బులొద్దన్నాడు.

కోణాలు మాత్రం నాకు ఆ కొట్లోనే వచ్చాయి.
ఒక బద్ద చివర నలభై అయిదు,
ఇంకో బద్ద చివర నలభై అయిదు,
రెండూ ఒకే గీతకి ఆనుకుంటే తొంభై.
ఆ గీత ఎవరిది?
దీనిదీ, దానిదీ.
ఉమ్మడి భుజం అంటుంది పుస్తకం.
ఏళుకిణరులో మా ఇంటి గోడ అలాంటిదే,
పక్కింటివాళ్ళు మేకు కొడితే
మా అన్నంలో సున్నం రాలేది.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు.
షావుకారుపేట సేటు అద్దానికి చట్రం కావాలన్నాడు,
పెళ్ళివారిల్లు, ఆరింటికల్లా, తప్పదన్నాడు.
చేతిరంపం నాకిచ్చాడు మామ.
చెమట కంట్లో పడి ఒక కోత ఒరిగింది.
నలభై నాలుగు, నలభై అయిదు,
ఎనభై తొమ్మిది.
మూల దగ్గర సన్నటి సందు.
ఒక డిగ్రీ ఎంతుంటుందో
కోణమానినిలో నాకెప్పుడూ ఆనలేదు.
ఆ రోజు సందులోంచి వీధి వెలుగు పడింది,
రిక్షా అడ్డం పోతే నల్లబడి
మళ్ళీ తెల్లబడింది.
అదీ డిగ్రీ.

ఇంకో బద్ద లేదు.
మామ తిట్టలేదు, వంగాడు.
నేల మీద రంపపు పొట్టు చిటికెడు తీసి
ఫెవికాల్‌లో రంగరించి
బొటనవేలితో సందులోకి కుక్కాడు.
ఆరాక ఉప్పుకాగితం, పైన బంగారు పూత.
సేటు మూల తడిమి చూసి
నోట్లు లెక్కపెట్టి వెళ్ళాడు.

నాలుగో ముక్కలో తక్కువైనది
ఇన్నాళ్ళూ నేను రోజూ సాయంత్రం చీపురుతో ఊడ్చి
వీధిలో పారబోసినదేనని
ఆ రాత్రి పడుకున్నాక తట్టింది.
లేచి కూచున్నాను.
చెప్పడానికి ఎవరూ మెలకువగా లేరు.

ఇప్పుడు వ్యాసర్‌పాడి కార్పొరేషన్ బడిలో
ఆరో తరగతికి అదే బొమ్మ గీస్తున్నాను.
ఏ, బి, సి.
వెనక బెంచీలోంచి తులసీరాం లేచాడు.
"బి ఏబిలో ఉందా, బిసిలో ఉందా టీచర్?
రెండిట్లో ఉంటే రెండుసార్లు లెక్కకి రాదా?"
పిల్లలు నవ్వారు.
సుద్ద చేతులు దులుపుకోబోయి
ఆగాను.
వేళ్ళ నిండా తెల్లటి పొడి,
పొద్దున కొత్తగా తీసిన సుద్ద
అప్పటికే పొట్టిదైపోయింది.

రేపు చెప్తాను కూర్చో, అన్నాను.
రేపు ఒక బద్ద తీసుకెళ్ళాలి.
హెడ్‌మాస్టరు ఏమన్నా సరే
రంపం కూడా.