లేపే ముందు

ఓకోయీ నదిని పొద్దున్నే వదులుతారు.
అవును, కుళాయిలాగే.
ఆనకట్ట మీద ఎవరో మీట నొక్కేదాకా
అది నది కాదు, బండల వరస.
టెనసీ కొండల సందున ఎండలో
బోర్లించిన మూకుళ్ళలా రాళ్ళు.

అట్లాంటా నుంచి రెండున్నర గంటలు
వెనక సీట్లో నేనూ మందాకినీ.
మా మధ్య ఒక చిప్సు ప్యాకెట్టు,
ముందు తెరిస్తే ఓడినట్టే అని
ఇద్దరం ముట్టుకోలేదు.
ఏడు నెలలైంది మాటల్లేక.
కారణం చెబితే నవ్వుతారు.
వాళ్ళ అమ్మాయి పుట్టినరోజు నాడు
వంటింట్లో నేనన్న ఒక్క మాట
హాల్లోకి నడిచి వెళ్ళింది.

మగవాళ్ళు కలిసి వేసిన పథకం ఈ ప్రయాణం.
ముందు సీట్లలో క్రికెట్ మాట్లాడుకుంటూ
అద్దంలో మమ్మల్నే చూస్తున్నారు,
పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళలా.

గైడు పేరు లోర్నా. అరవై దాటాయి.
చలికాలం స్కూలు బస్సు నడుపుతుందట.
అందుకేనేమో, ఒక్క చూపుతో బరువులు తూచి
"మొగుడూ పెళ్ళాల వరసలు ఒడ్డున చూసుకోండి" అంది.
కిరీటి ముందుకి, శేషు వాడి పక్కకి,
ఒహాయో నుంచి వచ్చిన కొత్త జంట
అటొకరు, ఇటొకరు.
నాకెదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో
మందాకిని.

జాకెట్ల పట్టీలు ఊపిరాడనంతగా బిగిస్తూ లోర్నా పాఠం:
"ఎవరైనా పడితే చేతులు పట్టుకోకండి, జారిపోతాయి.
భుజాల దగ్గర జాకెట్టు పట్టుకోండి.
లాగే ముందు ఒకసారి కిందికి ముంచండి.
నీళ్ళే పైకి తంతాయి. ఆ ఊపులో లేపండి."
ముంచకుండా లేపలేమా అన్నాడు శేషు.
"నడుం పట్టేస్తుంది" అంది.

తర్వాత నది వచ్చింది.
ముందు చప్పుడు, వెనక చలి, ఆ వెనక నీళ్ళు.
బండలు ఒక్కొక్కటే నల్లబడి మునిగాయి.
ముందుకి రెండు! వెనక్కి! ఆపండి!
ఇళ్ళల్లో ఎవరి మాటా వినని ఆరుగురం
తెడ్లతో చిత్తం చిత్తం అన్నాం.

మూడో ఉరవడి దగ్గర
పడవ ఒక బండనెక్కి ఆలోచించింది.
ఆలోచించి
నన్ను వదిలేసింది.

కింద ఆకుపచ్చ. పైన తెలుపు. ముక్కులో మంచు సూది.
ఆకాశం ఎటని అడగబోయి నోరు తెరిస్తే
నది లోపలికొచ్చి కూర్చుంది.
కాళ్ళు ముందుకి, వేళ్ళు పైకి.
చెప్పిందంతా గుర్తుంది, కాళ్ళకి తప్ప.

భుజాల మీద రెండు చేతులు.
హెల్మెట్టు కింద, ఏడు నెలలుగా
నేను నేరుగా చూడని ముఖం.
పళ్ళు బిగబట్టి
నన్ను ముంచింది.

ఒప్పుకుంటున్నాను.
ఆ అరక్షణం నాకు పాఠం గుర్తు రాలేదు.
సరేలే, అనుకున్నాను.
బాకీ.

అప్పుడు తన్నాయి నీళ్ళు.
బుట్టలో పడ్డ చేపలా దాని ఒళ్ళో పడ్డాను.
పడవ అడుగున, అందరి బూట్ల మధ్య
ఇద్దరం దగ్గుతూ, కారుతూ.
"బరువెక్కావే పిచ్చిదానా" అంది.
ఆ వంటింటి మాట గురించి
నేను మొదలుపెట్టబోయాను.
"ముందుకి మూడు!" అని అరిచింది లోర్నా.
తెడ్డు అందుకున్నాం.

సాయంత్రం నదిని కట్టేశారు.
బస్సు కిటికీలోంచి మళ్ళీ పొద్దున్నటి రాళ్ళే,
తడి తడిగా, ఏమీ ఎరగనట్టు.
నా కుడి భుజం మీద నాలుగు వేళ్ళ నీలం.

దుకాణంలో ఫొటోలు అమ్ముతున్నారు. నలభై డాలర్లు.
ఒడ్డు మీది కెమెరా సరిగ్గా అదే పట్టింది:
మందాకిని రెండు చేతులా
నన్ను నీళ్ళలోకి తొక్కుతోంది.
తర్వాతి క్షణానికి ఫొటో లేదు.

"ఇది ఎవరికి చూపిస్తామే" అంది.
రెండు కాపీలు తీసుకున్నాం.