కనీస చార్జీ

తాళ్ళరేవు మెయిన్ రోడ్డు దిగి
ఐసు ఫ్యాక్టరీ సందులోకి తిరిగితే పాత బియ్యం గోడౌను.
తలుపు మీద రేకు బోర్డు: ఆసియా కళల ప్రదర్శనశాల.
'ప్ర'ని సగం తుప్పు తినేసింది.
నా జాబితాలో ఇది 'ఇతరములు'.
మూడేళ్ళుగా వస్తున్నాను,
మీటరు దాకానే.

ఈ నెల మూడు యూనిట్లు.
"ఇంత తక్కువేంటమ్మా, మీటరు ఆగిపోయిందా?"
నూకరత్నం చీపురు గోడకి చేరేసి
"ఆయ్, మీటరు బానే ఉందండి.
మనిషొస్తేనే లైటేత్తాను" అంది.

అంటే ఇన్నాళ్ళూ నేను రాసుకుపోయింది కరెంటు కాదు.
ఈ గదిని ఎన్ని కళ్ళు చూశాయో
ఆ లెక్క.

"మీరూ మనిషే కదండీ" అని స్విచ్చులన్నీ నొక్కింది.
ఆరు ట్యూబులైట్లు
ఒక్కోటీ కాసేపు ఆలోచించుకుని వెలిగాయి.

రంగూన్లో కలప అమ్మిన షావుకారు
ఓడకొకటి చొప్పున తెచ్చుకున్న సామానట.

లక్క పూసిన తమలపాకుల పెట్టె, బర్మా.
మూత తీయకూడదని రాసుంది. తీసి చూపించింది.
లోపలి గోడకి సున్నం మరక,
ఎవరిదో వేలంత వెడల్పు.
మా అమ్మమ్మ కూడా అంతే,
ఆకుకి రాయగా మిగిలింది స్తంభానికి తుడిచేది.

నీలం తీగల పింగాణీ పళ్ళెం, చైనా.
మూడు ముక్కలు, మధ్యలో పసుపుపచ్చ అతుకు.
"పిల్లి పడేసిందండి. ఫెవిక్విక్కు నేనే పెట్టాను.
ఎవరికీ చెప్పకండేం."
చెప్పనన్నాను.
రాయనని అనలేదు.

తర్వాత ఒక పొడవాటి కాగితం.
ముప్పాతిక వంతు ఖాళీ.
ఒక మూల సిరాతో చిన్న పడవ, గడ పట్టుకున్న మనిషి.
"నీళ్ళేవి?" అన్నాను.
"పడవుందంటే నీళ్ళున్నట్టే కదండీ."
వాళ్ళాయన ఓడల వడ్రంగి.
మొదట చూసినప్పుడు, చుక్కాని తప్పు గీశాడన్నాడట.
నెల తర్వాత పని మానుకుని మళ్ళీ వచ్చి
చాలాసేపు నిలబడి
"కాదే, ఆళ్ళ ఏరు వేరు" అన్నాడట.

చివర్న ఇటుకల దిమ్మ మీద బుద్ధుడు.
కుడిచెయ్యి మోకాలి మీంచి జారి
వేలి కొస నేలని తాకుతోంది.
ఆ వేలి మొదటి కణుపు దాకా
ఎర్రటి ఒండ్రు గీత.
"భూమిని సాక్ష్యానికి పిలుత్తున్నాడని
షావుకారుగారు చెప్పేవోరు.
మొన్న వరదకి వచ్చింది మరి,
పిలిచాడు కదాని.
అక్కడిదాకా వచ్చి ఆగింది.
అన్నీ కడిగానండి, ఇది కడగలేదు.
సాక్షి వేలిముద్ర కదా."

నేనేమీ అనలేదు.
మా ఇంట్లో ఆ వరద గీతకి
నేనే సున్నం కొట్టించాను.

బయటికొచ్చి బిల్లు తీస్తుంటే
కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.
"పదో, పన్నెండో రాయండి బాబూ."
పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం నాది.
తగ్గించి రాయమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళున్నారు,
కుక్కని వదిలినవాళ్ళున్నారు,
ఎక్కువ రాయమన్నవాళ్ళు లేరు.

"షావుకారి మనవడు కాకినాడలో ఉంటాడండి.
బిల్లు చూసి
ఎవరూ రావట్లేదుగా, అమ్మేద్దాం అంటున్నాడు."

మీటరు ఫోటో తీస్తేగానీ మిషను ఒప్పుకోదమ్మా,
అబద్ధం పట్టదు దానికి అన్నాను.
"అలాగాండి" అని
లోపలికెళ్ళి ఒక్కో స్విచ్చే ఆర్పుతోంది.

లెక్క వేశాను, అలవాటు కొద్దీ.
ఆరు లైట్లు, ఒక ఫ్యాను, ఇరవై నిమిషాలు.
యూనిట్లో పదో వంతు.
వచ్చే నెల రీడింగులో నేనంతే ఉంటాను.

ఇంకా నలభై ఇళ్ళున్నాయి.
ఎండ నెత్తికెక్కింది.
చెప్పులు మళ్ళీ విప్పాను.
"ఉండమ్మా, ఆర్పకు."

నీళ్ళు గీయని ఏటికి ఎదురుగా
బల్ల మీద కూర్చున్నాను.
ఆమె అన్నీ మళ్ళీ వేసి,
రెండు మీద ఉన్న ఫ్యాను
ఐదుకి తిప్పింది.

కాగితం ఊగింది.
పడవ కూడా.