ఇరవై ఎనిమిదో రోజు

పంతొమ్మిదేండ్లు పైకే పోసిన.
అజ్మాన్‌ల పద్నాలుగు అంతస్తులు, షార్జాల ముప్పై రెండు,
పంపు పైపు భుజం మీద పాములెక్క కొట్టుకుంటుంటె
మొగులు దిక్కే పోసిన కాంక్రీటు.
కిందికి పోవుడు ఇదే మొదలు.

రాస్ అల్ ఖైమా దాటినంక రమ్స్ అని చిన్న ఊరు,
ముందట ఉప్పుకయ్య, ఎనుక రాళ్ళ గుట్టలు.
అక్కడ ఖల్ఫాన్ షెడ్డుల
ఇనుప చువ్వలతోని ఒక కడుపు అల్లినం.
ఏడు మీటర్ల పొడుగు,
నిలబడితే నెత్తి తాకేంత ఎత్తు.
"సబ్‌మెరీన్" అన్నడు ఖల్ఫాన్.
నేను నవ్విన.
ఆయన నవ్వలే.

ఆయన తాత ముక్కుకు తాబేటిచిప్ప క్లిప్పు పెట్టుకొని
కాలికి రాయి కట్టుకొని
ముత్యాలకు మునిగెటోడట.
ఒక ఊపిరి, ఒక రాయి.
ఒకనాడు తాడు గుంజితే
తాడొక్కటే వచ్చిందట.
"ఆ రాయినే జర పెద్దగ చేస్తున్న,
ఈసారి లోపల గాలుంటది."

లెక్క రాసింది రియాజుల్, చిట్టగాంగ్ పిలగాడు,
సిమెంటు సంచి ఎనుక పెన్సిల్‌తోని:
ఎన్ని టన్నుల నీళ్ళను పక్కకు జరుపుతదో
అన్ని టన్నులే ఉండాలె.
తక్కువైతే మునగదు, ఎక్కువైతే తేలదు.
మునుగుడు నాకు ఎవరూ నేర్పనక్కరలేదు,
మూడు రూపాయల మిత్తికి తెచ్చి
ఏజెంటు చేతుల పెట్టిన నాడే నేర్చిన.
తేలుడే పని.

ఎండల పోస్తె పలుగుతదని
రాత్రి రెండింటికి, ఐసు కలిపిన మాలు.
ఆర్మూరు డ్రైవర్ గంగాధర్ తెచ్చిండు,
ఏదో మాల్ పిల్లర్లకు పోను మిగిలింది.
ఖల్ఫాన్ గూడ మోకాళ్ళ మీద కూసొని తాపీ పట్టిండు.
తెల్లందాక మాట లేదు.

కాంక్రీటు ఎండి గట్టిపడదు,
నీళ్ళు తాగి గట్టిపడతది.
గోనెసంచులు కప్పి ఇరవై ఎనిమిది రోజులు
పసిపిల్లకు పోసినట్టు పొద్దుమాపు పోసిన.
ఎంత ఒత్తినా ఓర్సుకుంటది.
గుంజితేనే పగులుతది.
ఇనుము వేసేది అందుకే.

నడుమల బల్దియా ఆఫీసరు ఒకాయన వచ్చి
కాగితం తీసిండు. ఇల్లా, పడవా?
ఇల్లయితే పునాదేది? పడవయితే నంబరేది?
ఖల్ఫాన్ గహ్వా పోసిండు.
మూడు ఫింజాన్లు తాగి, ఏ గడీల టిక్కు పెట్టాల్నో తెలువక
కాగితం మడిచి జేబుల పెట్టుకొని,
పోయేముందు దాని పొట్ట మీద రెండుసార్లు తట్టిండు
బర్రెను బేరం జేసెటోని లెక్క.

ఒక శుక్రవారం క్రేను మమ్ముల దించింది.
అద్దంల మొదలు సగం ఆకాశం, సగం నీళ్ళు.
తర్వాత అంత పచ్చన.
తొమ్మిది మీటర్లు.
ఏసీ మోత లేదు, మిక్సర్ లేదు, ఫోర్‌మన్ లేడు.
ఒక షేరీ చేప వచ్చి
మా దిక్కు చూసి, పనికిరామనుకొని పోయింది.

కుడిపక్క, జాయింటు కాడ,
వెంట్రుక మందం చెమ్మ.
వేలు పెట్టి నాలుకకు అద్దుకున్న.
ఉప్పే.
ఖల్ఫాన్‌కు చెప్పలే.
ఆయన కండ్లు మూసుకొని వేళ్ళ మీద లెక్కపెడుతున్నడు,
తాత ఊపిరి ఎంతసేపు ఆగేదో.
ఎనబై దాక వచ్చి
వేళ్ళు నిలబడ్డయి.
అటెనుక వాల్వు నేనే తిప్పిన.

వారం రోజులకు ఆ పగులును
సున్నం తనంతట తానే ఊరి మూసింది, తెల్లగ,
గాయం మానిన గీతలెక్క.
గోరుతోని గీకి చూసిన. రాలే.

ఆ రాత్రి ఫోన్‌ల భూదవ్వ అడిగింది,
"ఇప్పుడేం కడుతున్నవ్?"
"నీళ్ళ ట్యాంకు."
"లోపల ఎన్ని నీళ్ళు పడతయి?"
"నీళ్ళు లోపల గాదు, బయట."
కొద్దిసేపు ఏం మాట్లాడలే.
అటెనుక అన్నది,
"తలుపు మంచిగ పడుతదా?"