గట్టిగా చెప్పమ్మా

మార్కాపురం కోర్టు వెనక గదిలో
రెండు గంటలుగా ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాను.

హైకోర్టుకు పోవాల్సిన కాగితం.
తెలుగు వాంగ్మూలానికి ఇంగ్లీషు నకలు తీయడం నా పని,
జీతం అందుకే.
సాక్షి పేరు పఠాన్ కాశింబీ. వయసు యాభై రెండు.
తర్లుపాడు రోడ్డులో పలకల ఫ్యాక్టరీ,
రంపం దగ్గర పదమూడేళ్లు.
హాజరు పుస్తకంలో మాత్రం ఆమె ఒక్కరోజూ లేదు.

ఆవేళ నేనూ హాల్లో ఉన్నాను.
"నువ్వు అక్కడ పని చేయలేదు కదా?" అన్నాడు అవతలి ప్లీడరు.
"చేసినా సామీ" అంది.
"వినపడలా. గట్టిగా చెప్పమ్మా."
నోరు తెరిచింది. ముందు దగ్గు వచ్చింది.
దగ్గు వెనకాల అదే మాట, అదే గొంతు,
బలపం చివర మిగిలినంత గొంతు:
"చేసినా."
"గట్టిగా!"
"చేసినా సామీ. పదమూడేండ్లు."
ప్లీడరు జడ్జిగారి వైపు తిరిగి నవ్వాడు,
వినపడనిది నిలబడదన్నట్టు.

తప్పు ఆయన ఒక్కడిదే కాదేమో.
రెంటికీ మనం ఒకే మాట పెట్టుకున్నాం.
కంభం సంతలో ఎద్దుల బేరం గట్టిగానే ఉంటుంది,
మా ఊరి రాయీ గట్టిగానే ఉంటుంది.
బల్ల గుద్దుతాం, కుండ బద్దలుకొడతాం,
ఢంకా బజాయిస్తాం.
నిజం చెప్పడానికి మనకు ఇంత సామాను కావాలి.
ఆమెకేం ఉంది గుద్దడానికి?
బోను కొయ్య మీంచి చెయ్యి తీస్తే పడిపోయేట్టుంది.

ఇక ఇంగ్లీషు.
సెయిడ్ అని రాస్తే పని అయిపోతుంది,
టీ తాగానన్నంత తేలిగ్గా.
క్లెయిమ్డ్ అంటే
ఆ మాట వెనకాలే ఒక పోలీసుని నడిపించినట్టు.
అసర్టెడ్ బూట్లేసుకుని వస్తుంది.
ఆమె చెప్పులు గుమ్మం బయట వదిలి వచ్చింది.

మిగిలింది ఇన్‌సిస్టెడ్.
అట్ట ఊడిన నిఘంటువు అంచున
ఎవరో పాత గుమాస్తా పెన్సిలుతో రాసిపెట్టాడు:
"పట్టుబట్టు. నొక్కి చెప్పు.
వెనక ఆన్ వస్తే, నాకిది కావాలని.
వెనక దట్ వస్తే, ఇది ఇట్లానే జరిగిందని.
రెండూ కలపరాదు."

ఆ కలపరాదు దగ్గర చాలాసేపు కూర్చున్నాను.
ఆన్ అంతా పిటిషన్‌లో ఉంది:
పరిహారం, వడ్డీ, ఎక్స్‌రేల ఖర్చు.
అది ఆమె వకీలు రాసింది.
ఆరు పేజీల వాంగ్మూలంలో ఆమె నోట
ఇది కావాలి అన్న మాటే లేదు.
ఆ దుమ్ములో నేను ఉన్నాను అంది.
అంతవరకే.

లెక్కపెట్టాను. "చేసినా" తొమ్మిదిసార్లు.
తొమ్మిదోది మొదటిదానికన్నా పెద్దగా లేదు.
చిన్నగానూ లేదు.
బలపం మరీ నొక్కితే పలక గీసుకుపోతుంది,
అక్షరం మాత్రం తెల్లబడదు.
పలకలు కోసిన మనిషికి నేను చెప్పేదేముంది.

చివర వేలిముద్ర.
"నొక్కమ్మా" అన్నాడు బంట్రోతు.
నొక్కింది.
నల్లటి మచ్చ పడింది, గీతల్లేవు.
"ఇంకా నొక్కు."
నొక్కింది. మళ్లీ అదే, నున్నగా,
అప్పుడే సానపట్టిన పలక.
"ఈమెకి ముద్ర కూడా లేదు సార్!" అన్నాడు వాడు,
హాలంతా వినపడేట్టు.
ఆమె బొటనవేలు కొంగుకు తుడుచుకుంది.
ఇంకు పోలేదు.

నకలు టైపు చేశాను.
ది విట్‌నెస్ ఇన్‌సిస్టెడ్ దట్.
ఈ కంప్యూటరు కీ ఎంత నొక్కినా
అక్షరం ఒకటే నలుపు,
అయినా ఆ మాట దగ్గర వేలు
కాస్త ఎక్కువసేపే ఉంచాను.

రేపు సూపరింటెండెంటు కళ్లజోడు పైకి నెట్టి
సెయిడ్ చాలదా అంటాడు.
చాలదండీ అనాలి.
వినపడలేదంటాడు.
మళ్లీ అనాలి, అదే గొంతుతో.
ఎన్నిసార్లో తెలీదు.