ముందొచ్చిన నిమిషాలు

కొండ దిగేదానికి నలభై నిమిషాలు.
పైన గేటు కాడ టయిం కొట్టి చీటీ ఇస్తారు,
అలిపిరిలో లెక్క చూస్తారు.
ముందొస్తే జరిమానా.
అందుకే ఆఖరు మలుపులకి రొంత ముందర
బండి ఓరకు తీసి కూర్చుంటాం,
నేనూ, నా ఎనక సుమోలో చెంగల్రాయులూ.
మిగిలిపోయిన ఆరేడు నిమిషాల్ని
ఏం చేసుకోవాల్నో తెలీక
యూరప్ మొదలుపెట్టినాం.

ఒక్కో చీటీ ఎనకాల ఒక్కో ముక్క రాసినాం.
చెన్నైలో ఎక్కేది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేది.
స్టీరింగు ఎడమ పక్కుంటాది, గేరు కుడిచేతికొస్తాది.
అది ఇన్నప్పట్నించీ చెంగల్రాయులు
అన్నం ముందర కూర్చోని, ముద్ద కలపకుండా
గాల్లో గేర్లు మారుస్తా ఉండాడు.
మామూలు అద్దె బండిని ట్రాకు మీదికి పోనీరంట,
దానికి వేరే బండి, వేరే బాడిగ,
గీత పడితే మా రెండు సుమోలూ అమ్మినా చాలదంట.
స్విట్జర్లాండు రోడ్డులో ఒక్క పూట దాటిపోయినా
ఏడాదికి స్టిక్కరు కొనాలంట.
"మిగిలిన మున్నూట అరవైనాలుగు దినాలు ఎవురికిచ్చేది?"
అని వాడు నిజంగానే బాధపడినాడు.
చీటీలకి రబ్బరు బ్యాండేసి
డ్యాష్‌బోర్డులో, కుంకం పొట్లం పక్కన దోపినాం.

నూర్బర్గ్‌రింగ్.
ఆ పేరు నోట్లో తిరిగేదానికే నెల పట్టింది నాకు.
అడివిలో దారి. డెబ్బై మూడు మలుపులు.
మన దిగుదారి పంతొమ్మిది కిలోమీటర్లు,
వాళ్ళది ఇరవై, ఇంగ రొంత.
దుడ్డు కడితే ఎవురైనా తోలచ్చంట. మనమైనా.
చేతనైనోడు ఎనిమిది నిమిషాల్లో చుట్టేస్తాడంట.
ఎనిమిది!
అక్కగార్ల గుడి కాడ
నిమ్మకాయ తొక్కించి దండం పెట్టుకునేదానికి
నాకు సరిపోతాది.

ఇరవై రెండేండ్లుగా ఈ కాలు బ్రేకు మీదే ముసలిదయింది.
సెకండు గేరులో ఇంజను మూలిగేది ఇంటా,
గుండు కొట్టించుకున్న పిలకాయలు కక్కుకుంటారేమోనని
అద్దంలో చూస్తా,
లడ్డూ సంచి వాసనా కాలిన లైనింగు వాసనా
ఒకటే ముక్కుతో పీలుస్తా.
ఎంత నిదానంగా వస్తే అంత మంచి డ్రైవర్ని నేను.

వల్లెమ్మకి చెప్తే కందిబేడలు ఏరతానే ఇన్నది.
"బయల్దేరిన చోటికే తిరిగొచ్చేదానికి
ఏడు సముద్రాలు దాటల్నా?
మాడవీధుల్లో తిరగరాదా, పుణ్యమన్నా వస్తాది."
నాకు జవాబు రాలా.
మర్నాడు మలుపు కాడ చెంగల్రాయులు అన్నాడు:
"ప్రదక్షిణమేలే అబ్బయ్యా.
ఆడ దేవుడు మధ్యలో ఉండడు, అంతే.
ముందర మలుపులో ఉంటాడు."
అనేసి, తన మాటకి తానే జడుసుకున్నట్టు
కోతికి అరటిపండు ఇసిరినాడు.
వల్లెమ్మ మాత్రం మారు నెలలోనే
బజారు చీటీలో ఇంకో పేరు ఏసింది.
దేనికని నేనడగలా.

స్పాలో ఒక మలుపున వానంట, ఇంకో మలుపున ఎండంట.
మోంజాలో పాత దారి గోడ మాదిరి పైకి లేస్తాదంట,
ఇప్పుడు దాని మీద ఎవురూ పోరంట.
మొనాకోలో ఉత్త ఊరి వీధులే,
రేసు లేని దినాల్లో పాలబండ్లు గూడా పోతాయంట.
దాన్ని ఆఖరున పెట్టుకున్నాం,
సిగ్నలు పడితే నిలబడి
మర్యాదగా పోదామని.

ఒకటే అనుమానం. చెంగల్రాయులుకి గూడా చెప్పలా.
గేటు లేని దారిలో,
ముందొచ్చినావేమని ఎవురూ అడగని దారిలో,
ఈ కాలు లేస్తాదా?
ఆ అడివిలో గూడా, ఆఖరు మలుపుకి ముందర,
ఓరకు తీసి కూర్చుంటానేమో,
ఎనక వచ్చేవాళ్ళు హారను కొడతా ఉంటే
మిగిలిన నిమిషాలు ఏరుకుంటా.

ఎనక సీటులో ముసలామె నిద్ర లేసింది.
"ఎందుకు నిలిపినావు నాయనా?"
చీటీ తిప్పి చూసినాను.
ఒక పక్క టయిం. ఒక పక్క మోంజా.
"ఇంకా నాలుగు నిమిషాలుండాది తల్లీ."