సొరకాయ వేలం

పోయిన జూన్‌లో మా కమిటీ ఒక తీర్మానం చేసింది,
ఏడో నంబరు:
"పెద్దలకూ యువతకూ నడుమ సహవాసం పెంచవలెను."
రిజిస్టరులో రాసింది నేనే,
నీలం ఇంకుతో, కింద గీత కూడా కొట్టి.

బ్యానరు కట్టాం. సమోసాలు పంచాం.
మ్యూజికల్ చైర్స్ ఆడించాం.
తీతు సారు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.
పిల్లలు ఎవరి ఫోన్లలోకి వాళ్లు దూరిపోయారు,
వాన పడితే పిచ్చుకలు చూరులోకి దూరినట్టు.
సమోసాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

మెట్టుగూడలో మా చర్చి చిన్నదే.
కుడివైపు, తిరిగే ఆ ఒక్క ఫ్యాను కింద, పెద్దవాళ్లు.
పాట నంబరు చెప్తే చాలు, కళ్లు మూసుకుని పాడేస్తారు.
వెనక, ప్లగ్గు పాయింటు దగ్గర, యూత్.
తెర మీద అక్షరం వెలగందే పెదవి కదలదు.
మధ్య బెంచీలో నేను, నలభై ఏడేళ్లదాన్ని,
ఇటువాళ్లకు చిన్నపిల్లను, అటువాళ్లకు ఆంటీని.

హెప్సిబమ్మకు షాలేమ్ డ్రమ్స్ అంటే పడదు.
"ప్రభువుకేమన్నా చెవుడా?" అని
గేటు దగ్గర పాస్టరుగారినే నిలదీసింది.
మరుసటి ఆదివారం నుంచి
రెండు చెవుల్లో దూది.
వాడు చూశాడు.
చూసి, ఇంకాస్త గట్టిగా వాయించాడు.

నవంబరులో కోతపండుగ.
ఈ పట్నంలో మాకేం కోతలు,
కరెంటు కోతలు తప్ప?
అయినా తెస్తారు. రైతుబజారు గుమ్మడికాయ,
డజను గుడ్లు, అడుగంటిన కేకు,
లాలాగూడ వర్క్‌షాపులో ముప్పైమూడేళ్లు అరిగిన చేత్తో
తీతు సారు వెల్డింగు చేసిన ఇనప స్టూలు.
హెప్సిబమ్మ తెచ్చింది సొరకాయ.
ఆలుగడ్డబావిలో అద్దింటి డాబా మీద
పెయింటు బకెట్లో కాయించింది.
చంటిబిడ్డను పట్టుకొచ్చినట్టు
తెల్ల తువ్వాలులో చుట్టి తెచ్చింది.

వేలం పాడించేది నేను.
"యాభై!" తీతు సారు.
"వంద!" వెనక నుంచి.
తలలన్నీ తిరిగాయి. షాలేమ్.
వేళాకోళం అనుకున్నాను.
"నూటయాభై."
"రెండొందలు."
తీతు సారుకు పౌరుషం ఎక్కువ, పెన్షను తక్కువ.
నాలుగొందల ఇరవై దగ్గర
బల్ల మూడోసారి చరిచాను.
వెనక బెంచీ అంతా జేబులు తడుముకుంది.

హెప్సిబమ్మ లేచి, ఒక చెవిలో దూది తీసింది.
"గంత కాయ ఏం జేస్కుంటవ్ రా?"
"తెల్వదు."
"వండొస్తదా?"
"రాదు."
"మరి ఎందుకు పాడినవ్?"
వాడు పుల్లలు వేళ్ల మధ్య తిప్పుతూ నేల చూశాడు.
"దినాం మూడంతస్తులు నీళ్లు మోస్తవ్ గదా దానికి.
మా కిటికీలకెంచి కనవడ్తది.
యాభైకి పోతుంటే మంచిగనిపియ్యలె."

ఆమె ఏమీ అనలేదు.
దూది ఉండను కొంగున ముడేసుకుంది.

తర్వాత సంగతి వాళ్లమ్మ చెప్తే తెలిసింది.
కొన్న కాయను వాడు తిరిగి ఆమె ఇంటికే మోసుకెళ్లాడట.
పప్పులో వేసిందట. ఐదుగురు తిన్నారట.
అడుగు కూడా మిగల్చలేదని
ఆమె తిట్టిందట, సంబరంగా.

అద్భుతం జరిగిందని సాక్ష్యం చెప్పను.
వాయింపు తగ్గలేదు, సణుగుడూ తగ్గలేదు.
"గుంపుగా పాడితే అది వేలం కాదు, దోపిడీ"
అని తీతు సారు ఇప్పటికీ అంటాడు.
ఎవరూ పాడని ఆయన స్టూలు మీదే
ఇప్పుడు షాలేమ్ కూర్చుని వాయిస్తాడు.
అది కిర్రుమంటే ఆయన జేబులోంచి నూనె సీసా తీస్తాడు.

మొన్న ఆదివారం హెప్సిబమ్మ
ఫ్యాను కింద చోటు వదిలి నా బెంచీలోకి జరిగింది.
"గాలి ఎక్కువైతుంది" అంది, నేనేమీ అడక్కుండానే.
పాట మొదలయ్యాక చూశాను.
నా వైపు చెవిలో దూది ఉంది.
డ్రమ్స్ వైపు చెవిలో లేదు.

ఇంటికొచ్చి రిజిస్టరు తెరిచాను.
ఏడో తీర్మానం ఎదుట ఏం రాయాలో తోచక
"సొరకాయ ఒకటి, రూ. 420, జమ"
అని రాసి సంతకం పెట్టాను.